మా మామ మోసిన పేరు

మొన్న సెంటినరీ కాలనీలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రిని పీటల దగ్గరకు రమ్మని మైకులో పేరు పెట్టి పిలిచారు. ఆయన కదిలేలోపే, నా పక్కన కూర్చున్న మా మేనమామ చటుక్కున లేచి నిలబడ్డాడు. మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. అది ఆయన పేరు కాదు. ఒకప్పుడు ఆయన దొంగిలించిన పేరు.

బొగ్గు ప్రాంతంలో రెండు పేర్ల మనుషులు వింత కాదు. గనిని మావాళ్ళు బాయి అంటారు. ఇంట్లో ఒక పేరు, బాయి మీద మరొకటి. హాజరు పిలిచినప్పుడు అసలు మనిషి లేకపోతే ఇంకొకడు పలకడం, పలికినవాడు జీవితాంతం ఆ పేరుతోనే బొగ్గు తవ్వడం ఎనభైల్లో మాకు నవ్వుకునే సంగతి. "నాకు ఇద్దరు మొగుళ్ళు, కూర మాత్రం ఒక్కటే" అనేది మా అత్త. ఆ పేరుగలవాడు గనికి భయపడి, ఇష్టపూర్వకంగానే పేరు ఇచ్చిపోయాడని మామ చెప్పాడు. ఎవరూ నిలదీయలేదు.

తొంభైల మొదట్లో, జైపూర్ వైపు పల్లె నుంచి ఒక అవ్వ వచ్చి మామ క్వార్టర్ మెట్ల మీద కూర్చుంది. "నా కొడుకు పేరు నువ్వు పెట్టుకున్నవట. మరి నా కొడుకేడి?" మామ లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆయనకు బదులు వాడంతా మాట్లాడింది. సాయంత్రానికల్లా మామ అతణ్ణి గోదావరిలో తోసేశాడని నిశ్చయమైంది. మర్నాటికి ఏ రేవులో తోశాడో కూడా నిశ్చయమైంది. చూసినదెవరని అడిగితే ప్రతివారూ పక్కింటివైపు చూపించారు. అప్పట్లో బొగ్గులో బూడిద ఎంతుందో పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగం. కాల్చి చూడనిదే ఏ ముక్కనూ నమ్మరాదన్నది అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం. అందుకని వాడను నమ్మలేదు, మామనూ నమ్మలేదు. అవ్వకు మాత్రం కావలసింది స్పష్టం: కొడుకు కావాలి, లేదా లేడన్న మాటైనా కావాలి.

మామ అప్పుడప్పుడు సెలవునాడు గోలేటికి వెళ్ళివచ్చేవాడు. అక్కడ మరో సంసారం ఉందని అత్త అనుమానం. ఒక ఆదివారం నేను కొంగు ముఖానికి కప్పుకుని అదే బస్సెక్కాను. మామ ఒక సైకిల్ షాపు దగ్గర ఆగి, పంక్చర్ వేస్తున్న మనిషి చేతిలో బెల్లం ముద్ద పెట్టాడు. ఆ మనిషి ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. చిన్నప్పుడు కుక్క కరిచిన చెవి గురించి అవ్వ చెప్పే ఉంది. అయినా చీలిన చెవులు లోకంలో అనేకం. దగ్గరికి వెళ్ళి అవ్వ ఊరి పేరు చెప్పాను. అతని చేతిలోని పానా జారిపడింది. "పోలీసులను తెచ్చినవా అక్కా?" అన్నాడు.

కథ సగం అతని నోట, సగం మామ నోట విన్నాను. గనిలో దిగిన మొదటి రోజే చీకటికి బెదిరి, అడ్డొచ్చిన సర్దార్‌ను, అంటే పని చూసే పెద్దను, తోసి బయటికి పరుగెత్తాడు. పని కోసం అక్కడే తిరుగుతున్న మామ ఎదురై, సర్దార్ చచ్చాడనీ పోలీసులు వెదుకుతున్నారనీ చెప్పి, ఊరికి పోవద్దని తరిమేశాడు. మర్నాడు కొత్తవాళ్ళను పంపిన వేరే బాయిలో, ముఖాలు ఎరగనివాళ్ళ ముందు, ఆ పేరుకు తాను పలికాడు. సర్దార్‌కు నిజానికి మోచెయ్యి కోసుకుపోయింది, అంతే. ఇక్కడ హతుడని అందరూ అనుకున్న మనిషి, అక్కడ తాను హంతకుణ్ణని నమ్మి బతుకుతున్నాడు. మామ జాలితో బెల్లం తెచ్చిపెట్టాడు. అబద్ధాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు. నదిలో తోయడం కంటే ఇది చిన్న నేరమని నేనిప్పటికీ అనలేను.

"సర్దార్ బతికే ఉన్నడు తమ్మీ" అన్నాడు మామ, తల దించుకుని.

"గిన్నేండ్లు సచ్చిండంటివి, ఇయ్యాల బతికిండంటున్నవ్. ఏది నమ్మాలె?"

న్యాయమైన ప్రశ్న. అబద్ధమాడిన నోటి నుంచి వచ్చిన రెండో మాట రుజువు కాజాలదు. అందుకే తర్వాతి ఆదివారం, రిటైరైన ఆ సర్దార్‌ను వెదికి పట్టుకుని, అవ్వతో పాటు బస్సెక్కించాను. ఆయన దిగుతూనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. బొగ్గు పొడి లోపలే ఉండిపోయి నీలం తిరిగిన గీత. "ఇగో, నువ్వు చేసిన ఖూనీ! నా పెండ్లాం రోజూ చేస్తది గిసొంటిది." అతను ఆ గీతను వేలితో తడిమి, అక్కడే కూలబడి ఏడ్చాడు. అవ్వ రుజువుల కోసం ఆగలేదు. అప్పటికే చీలిన చెవి పట్టుకుంది. "ఏడ తిన్నవ్ రా గిన్నేండ్లు? నడువు ఇంటికి."

నౌకరి తిరిగి ఇప్పిస్తానన్నాడు మామ. "నాకు బాయి వద్దు, అన్నా. నా పేరు నాకియ్యి" అన్నాడతను.

మర్నాడు మామ తానే వెళ్ళి అధికారికి అంతా చెప్పాడు. ఉద్యోగం పోయింది, కేసు నడిచింది, కోర్టులో నేనే సాక్ష్యం చెప్పాను, మామ కొన్నాళ్ళు జైల్లో ఉన్నాడు. విడుదలై వచ్చినప్పుడు గేటు దగ్గర అత్త పక్కన అవ్వ నిలబడి ఉంది. కొడుకు సెంటినరీ కాలనీలో పెట్టిన సైకిల్ షాపుకు ఆమే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, "వీనికి పంచరేసుడు నేర్పు" అంది. నేర్పడానికి చాలాకాలం పట్టింది. మామ చేత్తో వేసిన మొదటి పంచర్లు ఊరు దాటకముందే ఊడేవి.

పీటల దగ్గరి నుంచి పెళ్ళికూతురి తండ్రి, చీలిన చెవి వెనక్కి నెరిసిన జుట్టు సర్దుకుంటూ, "కూసో అన్నా, గిది నా వంతు" అన్నాడు. పందిరంతా నవ్వింది, మామ అందరికంటే ఎక్కువ నవ్వాడు. కాలం అన్నిటినీ మాన్పుతుందన్న మాటకు నాకు రుజువు దొరకలేదు. నేను చూసినంతవరకు, కాలం బొగ్గును లోపలే ఉంచి పైన చర్మం కప్పుతుంది. గీత నీలంగానే ఉంటుంది, చెయ్యి మాత్రం మళ్ళీ పనికి వస్తుంది.