గవర్నరు నాతో టైపు చేయించిన జీవితం

ఆ రోజుల్లో నేను రంగూన్‌లో, చౌక్తడా కోర్టుకి ఎదురుగా ఉన్న ఒక పాత భవనం మెట్ల పక్కన టైపు మిషను పెట్టుకుని కూర్చునేదాన్ని. లత అనే పేటలో మా నాన్న నడిపిన బట్టల కొట్టును మిలిటరీ సర్కారు తీసేసుకున్నాక మావాళ్ళలో సగంమంది ఓడెక్కి ఇండియాకి వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. తర్వాత నాన్న పోయాడు. అమ్మా నేనూ మిగిలాం. నాకు వచ్చిన పని టైపు ఒక్కటే. అర్జీలు, అఫిడవిట్లు, పేరు మార్పిడి కాగితాలు. రోజంతా అవే మాటలు. కొన్నేళ్ళకి నా వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి, నేను చదివేదాన్ని కాదు.

ఒక వానాకాలం పొద్దున్న ఒక ముసలాయన గొడుగు దులుపుకుంటూ వచ్చి నా ఎదుట స్టూలు మీద కూర్చున్నారు. ఇస్త్రీ లుంగీ, మెడదాకా బొత్తాలు పెట్టిన తెల్ల చొక్కా.

"ఇంగ్లీషులో కొడతావా అమ్మా?" అని బర్మా భాషలో అడిగారు.

"కొడతాను సయాజీ" అన్నాను. పెద్దవాళ్ళని ఇక్కడ అలాగే పిలుస్తాం.

"అర్జీ కాదు. నా జీవితం. నేను చెబుతాను, నువ్వు కొట్టు. ఇంగ్లీషయితే మా వీధిలో ఎవరూ చదవలేరు."

ఆయన ఎవరో నాకు రెండో రోజుకి అర్థమైంది. ఒకప్పుడు దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ప్రాంతానికంతటికీ పెద్ద అధికారి. జనం గవర్నరనే అనేవారట. మిలిటరీవాళ్ళు గద్దెనెక్కాక ఆయన అడవిలోకి వెళ్ళి తిరుగుబాటుదారుల్లో కలిశారు. వాళ్ళు ఆయన్ని జనరల్‌ని చేశారు. చాలా ఏళ్ళ తర్వాత, లొంగిపోయినవాళ్ళని క్షమిస్తామని సర్కారు ప్రకటించినప్పుడు, మలేరియాతో వణుకుతూ బయటికొచ్చారు. ఇప్పుడు తామ్వే పేటలో కూతురింట్లో ఉంటున్నారు.

వారానికి రెండుసార్లు, మధ్యాహ్నం పని పల్చబడ్డాక వచ్చేవారు. నెమ్మదిగా చెప్పేవారు. మధ్యలో ఆగి, తన మాట తనకే నచ్చనట్టు చెయ్యి విదిలించేవారు.

"మా ప్రాంతం దేశంనుంచి విడిపోవడం తప్పు అని సభలో నిలబడి చెప్పినవాణ్ణి నేను" అన్నారొకరోజు. "నా మాట ఎవరూ వినలేదు. మావాళ్ళంతా అడవికి పోయారు. నేనొక్కణ్ణీ ఆ ఆఫీసులో కూర్చుని వాళ్ళని పట్టుకోమని కాగితాలు పంపాలి. అది చెయ్యలేక వెళ్ళాను. ధైర్యం ఉండి కాదు."

"మరి జనరల్ ఎలా అయ్యారు సయాజీ?"

"మ్యాపు చదవడం వచ్చు, సంతకం పెట్టడం వచ్చు. తుపాకి మాత్రం ఇప్పటికీ సరిగ్గా పేల్చలేను." ఆయన నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

అలా రెండు నెలలు గడిచాయి. ఆయన రాని రోజున ఏదో వెలితిగా ఉండేది. ఎవరి జీవితమో నా చేతుల మీదుగా నడుస్తోందన్న గొప్ప కూడా నాకు కొంచెం ఉండేదనుకుంటాను.

ఒకరోజు ఆయన ఇలా చెప్పారు: "ఆ ఏడు వానలు ఎక్కువ. దక్షిణపు లైనులో ఒక వంతెన దెబ్బతింది."

నా వేళ్ళు ఆగిపోయాయి.

"వంతెన దానంతటదే దెబ్బతిందా సయాజీ?"

ఆయన నా వైపు చూశారు. "కూల్చారు."

"ఎవరు?"

"మావాళ్ళే."

"అప్పుడు దాని మీద రైలుందా?"

"సరుకుల బండి అని చెప్పారు నాకు."

"సరుకుల బండిలో మనుషులుండరా? మా అమ్మ తమ్ముడు రైల్వేలో ఫిట్టరు. ఆ లైనులోనే, వానాకాలంలోనే పోయాడు. ఆయన పనిముట్ల పెట్టె ఇంటికొచ్చింది, ఆయన రాలేదు."

ఏ ఊరి దగ్గరని అడిగారు. చెప్పాను. ఆయన తల వంచుకున్నారు. ఆ వంచుకోవడంలోనే నాకు జవాబు దొరికింది.

కేకలేస్తానని అనుకున్నాను. వెయ్యలేదు. మిషన్లోంచి కాగితం లాగి ఆయన చేతిలో పెట్టాను. "వాన తగ్గింది, ఇప్పుడు వెళ్తే బస్సు దొరుకుతుంది" అన్నాను.

ఇంటికి రాగానే అమ్మ నా మొహం చూసి పట్టేసింది. "ఏటే, ఏటైనాది?"

దాచలేక అంతా చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"రైలు పడగొట్టినోడికా నువ్వు ఇన్నాల్లూ రాసిపెడతన్నావు? మల్లీ వొస్తే పొమ్మను."

"అలాగేలే."

చాలాసేపయ్యాక, అన్నం వడ్డిస్తూ మళ్ళీ ఎత్తింది. "ఎందుకు సేసినానన్నాడు?"

"ఏటీ సెప్పనేదమ్మా."

"అడిగి రా. మా తమ్ముడు పోయి ఇన్నేల్లైనాది. ఎలాగ పోనాడో నాకు ఒక్కలూ సెప్పనేదు. ఆడికైతే తెలుస్తాది కదా."

మూడు వారాలు ఆయన రాలేదు. ఇక రారనుకున్నాను. వచ్చారు. స్టూలు మీద కూర్చుని, నేను అడక్కుండానే, "కాగితం పెట్టు" అన్నారు.

ఆ రోజు ఆయన ఎక్కడా చెయ్యి విదిలించలేదు. అడవిలో, గుడిసెలో అన్నం తింటుండగా వంతెన కూల్చే కాగితం సంతకానికి వచ్చిందట. బండిలో ఏముంటుందని అడిగితే సరుకులన్నారట. ఇంకేమీ అడగలేదట. ఎడమచేత్తో కంచం పక్కకి జరిపి, కుడిచెయ్యి కడుక్కుని, సంతకం పెట్టారట. మనుషులు పోయారని నాలుగు రోజులకి తెలిసింది. ఎవరని కనుక్కోలేదు. గవర్నరుగా ఉన్నప్పుడు రోడ్లకీ బడులకీ ఎలా పెట్టేవాడినో దీనికీ అలాగే పెట్టాను, అన్నారు.

"మీ మావయ్య పేరు చెప్పు."

చెప్పాను.

"దాన్ని కూడా కొట్టు."

కొట్టాను. అక్షరాలు కనబడక రెండుసార్లు తప్పు పడింది.

సాయంత్రం అమ్మకి చెప్పాను. ఆమె మొత్తం విని, "అన్నం తింటా పెట్టినాడా" అంది. అంతే. లేచి వెళ్ళి పొయ్యి ముట్టించింది.

చలికాలం మొదట్లో ఆయన కూతురు వచ్చింది. బడిలో పంతులమ్మ. నిలబడే మాట్లాడింది.

"మా నాన్న కాగితాలు నీ దగ్గరున్నాయట. ఇచ్చెయ్యి. మా వార్డు ఆఫీసువాళ్ళు రెండుసార్లు ఇంటికొచ్చి, వారానికి రెండుసార్లు ఎక్కడికెళ్తున్నాడని అడిగారు. అడవిలోంచి ఒకసారి తిరిగొచ్చాడు. ఈసారి తీసుకుపోతే తిరిగిరాడు."

నూటికి పైగా పేజీలు, వాటి కార్బను కాపీలు, అన్నీ కట్ట కట్టి ఇచ్చాను. వంతెన పేజీ ఒక్కటీ తీసి దాచుకోవాలని చెయ్యి వెళ్ళింది. భయపడ్డాను. ధైర్యం చాలలేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆవిడ ఆ రాత్రే వాటిని తగలబెట్టిందని తర్వాత తెలిసింది.

పది రోజులకి ఆయన వచ్చారు. బాగా చిక్కిపోయారు.

"మొదటినుంచి మళ్ళీ కొడదామా?"

"నాకు ఓపిక లేదు సయాజీ."

"నాకూ లేదు. అడిగి చూశాను, అంతే."

బస్సు వేళయ్యేదాకా పక్కన కూర్చున్నారు. నేనెవరిదో ఇంటి అద్దె కాగితం కొట్టుకుంటున్నాను. వెళ్ళేటప్పుడు ఎప్పటిలా భుజం మీద గొడుగు ఆనించుకుని వెళ్ళారు. ఆ తర్వాతి ఎండాకాలం పోయారు.

మనిషి పోయిన ఏడో రోజున ఇక్కడ బౌద్ధ సన్యాసులకి భోజనం పెట్టి, వచ్చినవాళ్ళకీ పెడతారు. కూతురు నాకు కబురు పంపింది. వెళ్ళాలా వద్దా అని నేను తేల్చుకోకముందే అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"నువ్వేటి, నువ్వొస్తావా?"

"వొస్తాను. పద."

తామ్వేలో అది రెండు గదుల చెక్క ఇల్లు. చాప మీద కూర్చోబెట్టి, కూతురు మాకు కొబ్బరిపాల నూడుల్స్ గిన్నెలు తెచ్చి పెట్టింది. గోడ మీద ఆయన ఫోటో ఉంది. యూనిఫారంలో కాదు, మామూలు చొక్కాలో. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"మా నాన్న మీకెలా తెలుసు అమ్మా?" అని కూతురు అడిగింది.

అమ్మ తనకొచ్చిన బర్మా భాషలో, "మా అమ్మాయి ఆయనకి పని చేసిపెట్టేది" అంది. గిన్నెలో సగం తిని పక్కన పెట్టింది.

బయటికొచ్చి బస్సుకోసం ఎండలో నిలబడ్డాం. ఎందుకొచ్చావని అడిగాను.

"ఆడి మొకం సూడాలనిపించినాది" అంది. కొంగు నెత్తిమీదికి లాక్కుని, "ముసిలోడు. అంతే. మరేటీ కనబడనేదు. కాల్లు లాగేస్తన్నాయి, అదుగో బస్సు, సెయ్యెత్తు" అంది.