అమ్మమ్మ దవడపన్ను, నా పాలపన్ను

నా చిన్నప్పుడు నాకు బడి అంటే మా అమ్మమ్మ నోరే. వన్ టౌన్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఆవిడ బైబిలు వాక్యం చదువుతుంటే నేను వెంట పలికేదాన్ని. నాకు చదువు వచ్చింది అలాగే.

నా ఎనిమిదో ఏట, నా పాలపన్ను ఊడిన వారమే, ఆవిడ దవడపన్ను తీయించుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్లింది. షుగరుందా అని పళ్ల డాక్టరు అడిగాడు. ఉందంటే ముందు తగ్గించుకుని రమ్మంటాడని ఆవిడ భయం. నొప్పితో అప్పటికే రెండు వారాలుగా నిద్ర లేదు మరి. లేదని చెప్పి నా చెయ్యి గట్టిగా నొక్కింది. నేను నోరు మెదపలేదు. అందుకు బహుమతిగా రెండు రోజుల తర్వాత బందరు లడ్డు కొనిపెట్టి, సగం తనూ తిన్నది.

ఎవరి పంటి గుంట ముందు పూడుతుందో చూద్దామని పందెం వేసుకున్నాం. నాది వారం తిరక్కుండానే పూడింది. రోజూ అద్దం తెచ్చి, ఓడిపోయావు అమ్మమ్మా అని వెక్కిరించేదాన్ని. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ కొంగు అడ్డం నోటి వాసన నాకు తగలకూడదనేనని తర్వాత తెలిసింది.

మూడో వారం పటమట నుంచి మా పిన్ని వచ్చింది. ఆమె నర్సు. అమ్మమ్మ నోట్లోకి చూసి, డాక్టరుకి షుగరని చెప్పావా అని అడిగింది. అమ్మమ్మ తల దించుకుంది. పిన్ని టార్చి నా చేతికిచ్చి చూడమంది. గుంట తెరుచుకునే ఉంది, చుట్టూ చీము, అడుగున ఎముక. మొహం తిప్పుకుంటే గడ్డం పట్టి మళ్లీ అటే తిప్పింది.

"షుగరు ఎక్కువున్న ఒంట్లో పుండు ఇలాగే ఉంటది. అమ్మమ్మకి షుగరని నీకు తెలుసుగా?"

తల ఊపాను.

"మరి నోరెందుకు మూసుకున్నావే?"

"పసిదాన్నేం అడుగుతావు? అబద్ధం చెప్పింది నేను," అంది అమ్మమ్మ.

"నీ దవడ కోసిన్నాడు దీన్నీ తీసుకొస్తానమ్మా. చూడాలిది."

అన్నట్టే దవడ ఎముక కొంత తీసేశారు. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం. మాట మాత్రం ముద్దయిపోయింది. ఆ తర్వాత మెట్ల మీద నేను చదివితే ఆవిడ వెంట పలికేది. ఆవిడ నన్ను దిద్దినట్టు నేను ఆవిడను ఒక్కనాడూ దిద్దలేదు.

పిన్ని మీద చాలా ఏళ్లు కోపం ఉండేది. ఇప్పుడు నాకూ షుగరే. ప్రార్థనలో ఆమె పేరు మర్చిపోకుండా తలుచుకుంటాను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన అడిగేలోపే, కుర్చీలో కూర్చోకముందే, "నాకు షుగరుందండి" అంటాను. గడ్డం మీద పిన్ని వేళ్లు ఇంకా బిగిసే ఉన్నాయి.