సైకిల్ పుల్ల కొక్కెం

శాంతి నగర్‌లోని మరమగ్గాల కార్ఖానాలో మా పెద్దబాపు మెడలో ఎప్పుడూ ఒక కొక్కెం వేలాడేది. విరిగిన సైకిల్ పుల్లను వంచి తనే చేశాడు. మగ్గంలో అటూ ఇటూ దారం మోసే షటిల్‌లో నూలు చుట్టిన కండె మార్చినప్పుడల్లా, దాని రంధ్రానికి నోరు పెట్టి దారం కొసను బయటికి పీల్చేవాళ్లం. ఒకే షటిల్ రెండు షిఫ్టుల నోళ్లు తిరిగేది. పక్క మగ్గం మనిషి టీబీతో పోయాక, పెద్దబాపు మాకు తలా ఒక కొక్కెం చేసిచ్చాడు. "నోరు పెట్టకుండ్రి, దీంతోని గుంజుండ్రి" అని రోజూ బతిమాలేవాడు. నోటితో చిటికెలో అయ్యే పని; ఎవరూ వినలేదు.

ఒకరోజు షిఫ్టు చివర, దగ్గుతూనే ఆయన షటిల్‌ను పెదాలకు ఆనించాడు.

"పెద్దబాపూ, కొక్కెం!" అన్నాను.

మెడ తడుముకున్నాడు. "ఏం జెయ్యను బిడ్డా, చెయ్యి కంటె ముందుగాల నోరే పోతది."

షటిల్‌ను లుంగీకి తుడిచి నాకిచ్చాడు. నా షిఫ్టు మొదలైంది. కండె అయిపోగానే నేనూ నోరే పెట్టాను.