విమానంలో మునుం

మొదట పోయింది జీడిపప్పు. తర్వాత వేడి టిఫిను పోయి చల్లటి శాండ్‌విచ్ వచ్చింది. కొన్నాళ్లకు అదీ పోయింది, కావాలంటే కొనుక్కు తినండన్నారు. దినపత్రికలు బరువట, ఆపేశారు. విమానంలో తాగే నీళ్ల సీసాలు సగం చేశారు. విమానం తలుపుదాకా నడిచిపోయే ఏరోబ్రిడ్జికి కిరాయి కట్టడం దండగన్నారు. దాంతో ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ ఎండలో బస్సు దిగి మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఎక్కుతూ ఎక్కుతూ అందరూ తిట్టేది నన్నే. మెట్ల దగ్గర యూనిఫారం వేసుకుని నిలబడేదాన్ని నేను కదా మరి!

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచినప్పుడు బేగంపేట నుంచి మారిన సిబ్బందిలో నేనొకదాన్ని. విమానం నేలకు దిగిన దగ్గర్నుంచి మళ్లీ ఎగిరేదాకా దాని మంచిచెడ్డలు చూడటం నా పని. సామాన్లు దిగాయా, ఇంధనం పట్టారా, లోపల ఊడ్చారా, తలుపు ఎన్నింటికి మూశారు, అన్నీ ఒక ఫారంలో రాయాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎవరి వల్ల అయిందో కూడా రాయాలి. కొత్త భవనం, కొత్త గాజు తలుపులు, అద్దంలాంటి నేల చూసి, ఇక మన కష్టాలు తీరాయనుకున్నాను. ఏడాది తిరక్కుండానే మాంద్యం వచ్చిపడింది. ఎక్కడో అమెరికాలో బ్యాంకులు కూలితే ఇక్కడ మా రాజమండ్రి విమానం ఎందుకు ఆగిపోవాలో మా అమ్మకు ఫోన్లో ఎంత చెప్పినా అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు.

తిండి తర్వాత విమానాల వంతు వచ్చింది. అద్దెకు తెచ్చుకున్నవాటిని ఒక్కొక్కటే వెనక్కి పంపేశారు. ఉన్నవాటితోనే సర్దుకోవాలి కాబట్టి పొద్దుటి విమానాన్నీ మధ్యాహ్నం విమానాన్నీ కలిపేసేవారు. "సాంకేతిక కారణాల వల్ల మీ విమానం రద్దయిందండీ" అని ప్రయాణికులకు ఫోన్లు చేసి చెప్పడం నా నెత్తిన పడింది. సాంకేతికమూ లేదు, నా మొహమూ లేదు. దీంట్లో నలభై మంది, దాంట్లో యాభై మంది ఉంటే అందరినీ ఒకదాంట్లో కుక్కడమే ఆ సాంకేతికం. ఒకాయన తన చెల్లెలి పెళ్లికి ముహూర్తం దాటిపోతుందని ఏడ్చినంత పని చేశాడు. నేను మళ్లీ అదే వాక్యం చెప్పాను. రోజుకు ముప్ఫైసార్లు అబద్ధం చెబితే ముప్ఫై ఒకటోసారి నోరు దానంతటదే తిరుగుతుంది.

అప్పటికి అత్తాపూర్‌లో ఉండేవాళ్లం. ఇంటి ముందుకు వచ్చే ఆఫీసు బండి కూడా ఖర్చు కింద కొట్టేశారు. ఆరాంఘర్ చౌరస్తా దాకా ఆటోలో పోయి అక్కడ బస్సెక్కాలి. ఎక్స్‌ప్రెస్‌వే ఇంకా కడుతున్నారు. ఆ స్తంభాల కింద దుమ్ము తింటూ, తెల్లారకముందే ఇస్త్రీ చేసుకున్న బట్టలు మట్టికొట్టుకుపోతుంటే, ఈ ఉద్యోగం ఎందుకురా దేవుడా అనిపించేది. అనిపించినా మానేసే ధైర్యం లేదు. మా ఆయన కంపెనీలో అప్పటికే సగం మందిని ఇంటికి పంపేశారు.

ఇక అసలు సంగతికొస్తాను.

మా విమానాలు ఊడ్చే ఆడవాళ్లు నలుగురు ఉండేవారు. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. అందులో పెద్దామెను అందరూ అక్కా అనే పిలిచేవారు, నేనూ అంతే. నలభై అయిదు దాటి ఉంటాయి. నన్ను మేడం అంటుంది, మళ్లీ నువ్వు అంటుంది. మా కృష్ణా జిల్లాలో అలా ఎవరైనా అంటే మొహం ముడుచుకుంటాం గానీ, ఆమె నోట వింటే సొంత మనిషి పిలిచినట్టే ఉండేది.

వాళ్లు పనిచేసే తీరు చూసి తీరాలి. మిగతా కంపెనీల విమానాల్లో ఊడ్చేవాళ్లు ముందొకరు వెనకొకరు ఎవరికి తోచిన చోట వాళ్లు మొదలుపెట్టేవారు. వీళ్లు అలా కాదు. నడవాకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు వరసగా వంగి, ఒకే తీరున ముందు నుంచి వెనక్కి కదిలేవారు. ఒక్కరు కూడా రెండో మనిషిని దాటి ముందుకు పోరు. ఒకామె సీటు కింద ఏదైనా అంటుకుని వెనకబడిందా, పక్కామె చెయ్యి చాచి ఆమె వరస కూడా అందుకుంటుంది. నలుగురూ సమానంగా వచ్చాకే తర్వాతి వరస.

"ఏంటక్కా ఈ పద్ధతి, ఎవరు నేర్పారు?" అని ఓసారి అడిగాను.

"ఎవలు నేర్పుతరు మేడం? కలుపుకు పోతే మునుం పడ్తం గద. గదే ఇది. నీ పక్క మనిషి ఎన్కవడితే నువ్వు అందుకోవాలె. ఆమెను ఇడిసి పోతే పాపం తగుల్తది" అంది నవ్వుతూ.

కూలి ఆడవాళ్లు చేలో వరస కట్టి సాగడాన్ని అక్కడ మునుం అంటారు. ఆ చేలు ఇప్పుడు లేవు. కొన్ని విమానాశ్రయం కింద పోయాయి, మిగిలినవాటిలో రంగు రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. కైకిలికి, అంటే కూలికి పోదామన్నా పోయే చేను లేదని అక్క చాలాసార్లు అనేది. వాళ్లకు తెలిసిన పనికి మిగిలిన చోటల్లా మా విమానమే.

ఎండాకాలం మొదట్లో పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. విమానం నేల మీదున్న కాస్సేపట్లో లోపల చెత్త ఎయిర్‌హోస్టెస్‌లే తీయాలట. విదేశాల్లో అలాగే చేస్తారట. మూడు రోజులు, రోజుకొక విమానంలో చేసి చూస్తారు. మూడు రోజుల్లో ఒక్కసారైనా పన్నెండు నిమిషాల్లోపు పూర్తయితే సాధ్యమేనని తేలినట్టు, ఊడ్చేవాళ్ల కాంట్రాక్టు రద్దు. కాలేదా, నలుగురూ ఉంటారు. గడియారం పట్టుకుని నిలబడి ఎన్ని నిమిషాలైందో రాయాల్సింది నేను.

మా మేనేజరు ఆ కాగితం నా ముందు పెట్టి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, సూపర్‌వైజర్లలో కూడా ఇద్దర్ని తగ్గించమంటున్నారు. అయిదుగురున్నారు మీరు. ఈ మూడు రోజులూ ఏ గొడవా లేకుండా ఫారం నింపి పంపెయ్యండి" అన్నాడు. బెదిరించలేదు. ఆయన ఉద్యోగం ఎన్నాళ్లో ఆయనకే తెలీదు.

నేను ఆ మధ్యాహ్నమే అక్క దగ్గరికి పోయి సంగతంతా చెప్పేశాను. చెప్పకూడదు, అయినా చెప్పాను.

"గట్లెట్ల మేడం? మేం ఏడికి పోవాలె?"

"ఎక్కడికీ పోనక్కర్లేదక్కా. మీరు చెయ్యాల్సిందల్లా ఒక్కటే, ఏమీ చెయ్యకపోవడం. మూడు రోజులూ వెనక మెట్ల కింద నిలబడండి చాలు. పొద్దున నాలుగింటికి డ్యూటీ ఎక్కిన పిల్లలు, ఎత్తు మడమల చెప్పులు, ఇరుకు స్కర్టులు. పన్నెండు నిమిషాల్లో వాళ్ల వల్ల ఏమవుతుంది? కాదని వాళ్లే తేల్చేస్తారు."

"నిలవడుడేనా?"

"నిలబడటమే."

నాకు ఎంత తెలివి ఉందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి రోజు ఇరవై ఒక్క నిమిషాలు పట్టింది. రెండో రోజు పద్దెనిమిది. రెండు రోజులూ విమానం ఆలస్యంగా లేచింది. అక్కావాళ్లు మెట్ల కింద నీడలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. రెండో రోజు పోతూ పోతూ నేను ఆమె వైపు చూసి రెండు వేళ్లు చూపించాను, రెండు అయ్యాయి, ఇంకొక్కటే అన్నట్టు. ఆమె తల ఊపింది గానీ ఆ మొహంలో సంతోషం లేదు. ఊరికే నిలబడి ఉండటం ఆమెకు పనికన్నా కష్టంగా ఉందని తర్వాత తెలిసింది.

మూడో రోజు వచ్చిన విమానంలో ఒక్క సీటు ఖాళీ లేదు. రెండు విమానాల జనాన్ని కలిపేశారు మరి. ఏదో పెళ్లి నుంచి వస్తున్న గుంపు కూడా అందులోనే. జనం దిగాక లోపలికి పోయి చూస్తే కారంబూందీ నడవా నిండా నలిగిపోయి ఉంది. మధ్య వరసల్లో ఎవరో పిల్లాడు కక్కుకున్నాడు. సీటు మీద, కింద కార్పెట్ మీద, కిటికీ దాకా. నలుగురు ఎయిర్‌హోస్టెస్‌లలో అందరికన్నా చిన్నపిల్ల మోకాళ్ల మీద కూర్చుని కాగితం రుమాళ్లతో తుడుస్తోంది. ఆరోజుకది ఆమెకు నాలుగో విమానం. తుడుస్తూ తుడుస్తూ తనకే వాంతి వచ్చి చేత్తో నోరు మూసుకుంది. కళ్లకు పెట్టుకున్న కాటుకంతా చెంపల మీదికి కారింది. నేను గడియారం చూశాను. నాలుగు నిమిషాలు అయ్యాయి. సగం వరసలు కూడా కాలేదు. ఇరవై దాటడం ఖాయం. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గుచేటైనా ఉన్నమాట చెప్పాలి, ఆ పిల్లను చూస్తూనే హమ్మయ్య అనుకున్నాను.

వెనక తలుపు దగ్గర అలికిడైంది. అక్క! ఎప్పుడెక్కిందో, చేతిలో సంచీ, గుడ్డలు. వెనకాలే మిగతా ముగ్గురూ.

నేను గబగబా పోయి అడ్డం నిలబడ్డాను. "అక్కా, వద్దు! మీకేమన్నా పిచ్చా? ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి, మీ ఉద్యోగాలు నిలబడతాయి."

"నీకు కనవడ్తలేదా మేడం? పిల్ల కండ్లు తిరిగి పడేటట్టున్నది. జర జరుగు."

"దండం పెడతానక్కా, దిగండి."

ఆమె నన్ను మోచేత్తో పక్కకు తోసి పోయింది. ఆ పిల్ల భుజం పట్టుకుని లేపి, "లే బిడ్డా, నువ్వు పోయి మొఖం కడుక్కో" అంది. ఆ తర్వాత నలుగురూ వంగారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఎప్పటిలాగే వరసగా. కక్కు ఉన్న సీటు దగ్గర అక్క ఆగితే పక్కామె ఆమె వరస అందుకుంది. చివరి వరస నుంచి వాళ్లు తలెత్తేసరికి నా గడియారంలో పది నిమిషాలు. ఆ మూడు రోజుల్లో విమానం తలుపు సమయానికి మూసింది ఆ ఒక్కసారే.

ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'లోపలి శుభ్రతకు పట్టిన సమయం' అని ఒక గడి ఉంది. ఎవరు శుభ్రం చేశారు అనే గడి లేదు. కింద తెల్లకాగితం బోలెడు ఖాళీ ఉంది, రాయాలంటే రాయవచ్చు. రాస్తే ఏమవుతుంది? వద్దన్నా ఎక్కారని అక్కావాళ్ల మీద మాట వస్తుంది. పని వదిలేసిందని ఆ చిన్నపిల్ల మీద వస్తుంది. అక్కకు ముందే చెప్పిన సంగతి బయటపడితే నా మీద వస్తుంది. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను అని అప్పుడు నన్ను నేను ఓదార్చుకున్నాను గానీ, అదంతా వట్టిది. అయిదుగురిలో ఇద్దరు అన్న మాటే బుర్రలో తిరిగింది. గడిలో 10 అని రాసి, కింద సంతకం పెట్టి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, "అయితే అవుతుందన్నమాట" అన్నాడు నీరసంగా.

రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది. నలుగురూ పాసులు అప్పజెప్పడానికి మా కౌంటరు దగ్గరికి వచ్చారు. అక్క తన పాసు మెడలోంచి తీసి నా ముందు పెట్టింది.

"పని మంచిగ లేదన్నరా మేడం? ఏడన్న చెత్త మిగిలిందా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు, ఆమె మీదే కక్కేశాను. "బాగా చేసినందుకే పోయింది! నేను చెప్పానా లేదా నిలబడమని? ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు నిలబడలేకపోయారు. మీ చేతులతో మీరే చేసుకున్నారు."

ఆమె నొచ్చుకోలేదు.

"మల్ల గట్లనే అయితే మల్ల ఎక్కుత మేడం. పిల్ల కక్కు ఎత్తుతుంటే చూసుకుంట నిలవడనీకి మాకు రాదు." ఆగి, మామూలుగా అడిగింది, ఏ దెప్పూ లేకుండా. "మేం ఎక్కినమని కాయిదంల రాసినవా?"

"దానికి గడి లేదక్కా."

అబద్ధాలు చెప్పీ చెప్పీ అలవాటైన నోరు కదా, ఆ మాట కూడా తడబడకుండా వచ్చింది.

వెనకున్న ముగ్గురిలో ఒకామె ఏదో అనబోయింది. చాలా పెద్ద మాటే అనబోయిందని ఆమె కళ్లు చూస్తే తెలిసింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"పోనియ్యిర్రి. మేడంను ఏమనకుర్రి. ఆమెకు గూడ నౌకరి పోతదని భయముంటది గద."

నలుగురూ గాజు తలుపులోంచి బయటికి పోయారు. నా ఉద్యోగం నిలిచింది. ఆ రోజు అక్క నన్ను నాలుగు తిట్టి ఉంటే ఇంటికి పోయి ఇంత అన్నం తినేదాన్ని.