దమ్మక్క చిటికెనవేలు

నాటకాలకి పాడే ఆ బృందంలో ఆడవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. పొడుగాటి స్వరం పట్టుకున్నప్పుడు ఎవరికైనా ఊపిరి అయిపోవస్తే, పక్క మనిషి చేతిని చిటికెనవేలితో తాకాలి. తాకించుకున్న మనిషి గొంతు వదలకూడదు. తాకిన మనిషి గొంతు మెల్లగా తగ్గించి, చప్పుడు కాకుండా గాలి తీసుకుని, వచ్చిన సంగతి తెలియకుండా మళ్ళీ కలవాలి. హాల్లో కూర్చున్నవాళ్ళకి స్వరం ఎక్కడా తెగినట్టు అనిపించదు. వీళ్ళు ఊపిరే పీల్చరా బాబూ అని ఆశ్చర్యపోతారు. ఎందుకు పీల్చరూ, వంతులు వేసుకుని మరీ పీలుస్తారు.

వంతు అక్కర్లేని మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడే దమ్మక్క. అసలు పేరు ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో. పగలంతా బట్టలు కుట్టే కొట్లో మిషను తొక్కి, సాయంత్రానికి వచ్చి వరసలో నడిమధ్య నిలబడేది. అందరి వేళ్ళూ వచ్చి ఆవిడ చేతిని తాకేవి. ఆవిడ వేలు మాత్రం ఇన్నేళ్ళలో ఎవరి చేతినీ తాకలేదు. దాంతో మిగతావాళ్ళు సుఖం మరిగారు. ఎవరెప్పుడు గాలి తీసుకుంటున్నారో చూసుకోవడం మానేసి, దమ్మక్క ఉందిగా అనేవారు. ఆ మాట వినడం ఆవిడకి ఇష్టం. ఇష్టమేమిటి, ఆ మాట మీదే బతికింది.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడే నేర్పేది. "భుజాలు లేపకు, గాలికి అక్కడేం పని? ఇదిగో, ఇక్కడికి రావాలి," అని పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించేది. మెడలో ఎప్పుడూ వేలాడే కొలతల టేపు తీసి వాళ్ళ ఒంటికి చుట్టేది. "ఇప్పుడు పీల్చు. టేపు జరగాలి. ఆవులింత మొదలెట్టినట్టు గొంతు తెరువు. పాడుతున్నంతసేపూ ఈ ఎముకల్ని ముడుచుకోనివ్వకు. గాలిని తొయ్యకు తల్లీ, పట్టుకుని కొంచెం కొంచెంగా వదులు."

ఆ ఏడాది వానల్లో దమ్మక్కకి జ్వరం వచ్చి ఛాతీలో నెమ్ము చేరింది. జ్వరం తగ్గి మంచం దిగిన రోజున టేపు తన ఒంటికే చుట్టుకుని చూసుకుంది. ఒకప్పుడు నాలుగు వేళ్ళ మేర జరిగే టేపు, రెండు వేళ్ళు కూడా జరగలేదు. తగ్గుతుందమ్మా, టైము పడుతుంది అన్నాడు డాక్టరు. ఆ టైమే లేదు. కొత్త నాటకం దగ్గరపడింది. దాని ఆఖర్న వాయిద్యాలన్నీ ఆగిపోయి ఉత్త గొంతులే మిగులుతాయి. తెర దిగి నేలకి తగిలేదాకా ఒకటే స్వరం. ఆ థియేటరు తెర సంగతి చెప్పనే అక్కర్లేదు. బుద్ధి పుడితే దిగుతుంది, లేకపోతే మధ్యలో కునుకు తీస్తుంది.

నిజం చెబితే, బృందానికి పాట నేర్పే మాస్టారు వరస చివరికి పంపేస్తాడు. అక్కడ నిలబడి ఇంకొకరి చేతిని తాకుతూ పాడాలి. ఆ ఊహకే ఆవిడకి ఒళ్ళు మండింది. అందుకని ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా ఆడపడుచుకి చెప్పలేదు. ఆ ఆడపడుచు అదే ఇంట్లో ఉంటుంది, అదే బృందంలో పాడుతుంది, పైగా సరిగ్గా దమ్మక్క పక్కనే నిలబడుతుంది. వంటింట్లో ఒకరు పెట్టిన మూత ఇంకొకరు తీసే రకం ఇద్దరూను.

వాళ్ళ ఇల్లు మూడో అంతస్తులో. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి దమ్మక్కకి ఆయాసం ముంచుకొచ్చేది. అక్కడ ఆగి సంచీలో చెయ్యి పెట్టి, "ఈ తాళంచెవి ఎక్కడ చచ్చిందో," అని వెతికేది. రొప్పు తగ్గేదాకా వెతికేది. ఆడపడుచు పైమెట్టు మీద నిలబడి గోడకేసి చూస్తుండేది.

"దొరికిందా వదినా?" అనేది చివరికి. ఎత్తిపొడుపో, మామూలు మాటో దమ్మక్కకి అంతుబట్టేది కాదు.

ఆఖరి రిహార్సల్లో భయపడినంతా అయింది. స్వరం ఎత్తుకునే ముందు, కొత్తవాళ్ళని చెయ్యొద్దని తిట్టే పనే తను చేసింది. అందినంత గాలి లోపలికి కుక్కేసుకుంది. కుక్కిన గాలి నిలవదు, గొంతుని బిగించేసి ముందే జారిపోతుంది. తెర సగం దిగేసరికే లోపల అడుగంటింది. సరిగ్గా అప్పుడే ఆడపడుచు వేలు చేతికి తగిలింది. అటువైపు నుంచి ఇంకో వేలూ తగిలింది. మిగతావాళ్ళు దమ్మక్క ఉందన్న ధీమాతో ఎవరికి వాళ్ళు గాలి తీసుకుంటున్నారు. దమ్మక్క ఎవరినీ తాకకుండానే గాలి తీసుకుంది. స్వరం పుటుక్కున తెగింది.

"ఎవరది?" మాస్టారికి ముక్కు మీదే కోపం. "ఎవరు తెంచారు?"

తేలు కుట్టిన దొంగలా దమ్మక్క నోరు మూసేసుకుంది. మాస్టారి చూపు వరస మీదుగా వచ్చి, ఇంకా నోరు తెరిచే ఉన్న ఆడపడుచు దగ్గర ఆగింది.

"నువ్వేనా? నీ మూలంగా ఆవిడ కూడా తడబడింది! రేపు ఆఖరి స్వరానికి నువ్వు పాడకు. నోరు మూసుకుని నిలబడు, అదే పదివేలు."

ఆడపడుచు వదిన వైపు తిరిగి చూసింది. తను కాదు, నేను అని దమ్మక్క ఒక్క మాట అంటే అయిపోయేది. దమ్మక్క మెడలో టేపు సర్దుకుంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు చెబుదామనుకుంది, మెట్లు అడ్డొచ్చాయి. పొద్దున్నే చెబుదామనుకుంది, ఆడపడుచు ముఖం చూడగానే సంచీ తగిలించుకుని కొట్టుకి వెళ్ళిపోయింది. కొట్లో ఒక చొక్కా చేతిని తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది. సిగ్గుతో చచ్చిపోతోంది. అయినా నోరు విప్పలేదు. మనిషికి మంచి పేరు ఉండటం కూడా ఒక జబ్బే మరి.

నాటకం మొదలైంది. అంకాలు ఒకదాని వెనక ఒకటి గడిచిపోయాయి. వాయిద్యాలు ఆగాయి. ఈసారి కుక్కుకోలేదు, తను నేర్పినట్టే పీల్చి స్వరం అందుకుంది. తెర కదిలింది. పక్కన ఆడపడుచు పెదాలు బిగించి నిలబడి ఉంది.

అటువైపు వేలు తగిలింది, దమ్మక్క పట్టుకుంది. మళ్ళీ తగిలింది, పట్టుకుంది. తెర మోకాళ్ళ ఎత్తుకి వచ్చింది. ఇంకొంచెం చాలు అనుకుంది. అంతలో పైన కప్పీ కిర్రుమంది, తెర ఆగిపోయింది. తెర వెనక తాడు గుంజుతున్న చప్పుడు. అందరి వేళ్ళూ ఒక్కసారే కదులుతున్నాయి. దమ్మక్క ఎముకలు ముడుచుకుపోతున్నాయి, స్వరం అంచు వణికింది. ఇంకాసేపట్లో తెగుతుంది. ఇన్ని వందల మంది ముందు తెగుతుంది, ఆ నింద కూడా ఈ ఆడపడుచు నెత్తినే పడుతుంది.

ఆవిడ చెయ్యి కదిలింది. చిటికెనవేలు ఆడపడుచు చేతిని తాకింది.

ఆ చేతిలో చలనం లేదు. వదిన వేలు ఎలా ఉంటుందో ఆ చేతికి ఎన్నడూ తెలియదు. దమ్మక్క పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ తాకింది, ఈసారి వేలిని మెలేసి పట్టుకుంది.

చెవి పక్కన గొంతు లేచింది. తొందరపడకుండా, సరిగ్గా స్వరం మీదికే వచ్చి నిలబడింది. దమ్మక్క మెల్లగా తప్పుకుంది. ఆవులింత మొదలెట్టినట్టు గొంతు తెరిచి కడుపునిండా గాలి తీసుకుంది. ఆ స్వరాన్ని తను లేకుండా వినడం అదే మొదలు. బాగుంది. తను లేకపోయినా బాగానే ఉంది. తిరిగి వచ్చి కలిసేసరికి తెర నేలకి తగిలింది.

చప్పట్లు ఇంకా ఆగలేదు, మాస్టారు వచ్చేశాడు. "నోరు మూసుకోమన్నానా లేదా నిన్ను?"

"నేనే పాడమన్నాను మాస్టారూ. నా ఊపిరి అయిపోయింది," అంది దమ్మక్క. అందరూ ఇటు తిరిగారు. "నిన్న తెంచిందీ నేనే. జ్వరం వచ్చినప్పటి నుంచీ నాకు దమ్ము లేదు. చెప్పకుండా దాన్ని తిట్లు తిననిచ్చాను."

మాస్టారికి కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "రేపటి నుంచి మీరిద్దరూ చోట్లు మారండి," అని వెళ్ళిపోయాడు. అలాగే అంది దమ్మక్క. అంటుంటే బాధేసింది. వెయ్యలేదని అబద్ధం ఎందుకు!

ఇద్దరూ కలిసే ఇంటికి వచ్చారు. రెండో అంతస్తు మలుపు దగ్గర దమ్మక్క ఆగింది. అలవాటు కొద్దీ చెయ్యి సంచీలోకి పోయింది గానీ, వెంటనే తీసేసి గోడకి ఆనుకుని బాహాటంగా రొప్పింది.

"నిన్న ఎందుకు ఊరుకున్నావే?" అని అడిగింది.

"నువ్వే చెబుతావని చూశాను. చెప్పలేదు. ఇంకా కోపంగానే ఉంది నాకు," అంది ఆడపడుచు. తన సంచీలోంచి తాళంచెవి తీసి వేలికి తగిలించుకుంది.

దమ్మక్క దానివైపు చూసింది. "నీ దగ్గరా ఒకటుందా? మరి రోజూ నేను వెతుకుతుంటే తియ్యలేదేం?"

"తీస్తే నువ్వు ఇక్కడ ఆగవుగా వదినా."