ఆశిష్‌ని ఆడించని కోచ్

కోచ్ రాజీవ్ తనంతట తానే తప్పుకున్నాడని కాలేజీ ప్రకటించింది. అబద్ధం. శుక్రవారం మధ్యాహ్నం పిలిచి తాళాలు తీసుకున్నారు.

రాజీవ్ అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో పుట్టి పెరిగాడు, ఓ కార్ల ఇంజినీరు కొడుకు. ఆ దగ్గర్లోనే ఓ చిన్న కాలేజీలో ముప్ఫై ఏళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పాడు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడి మీదపడి నేలకూల్చే ఆట అది. తెలుగువాళ్ల విందుల్లో, ఇంతకీ అసలు ఉద్యోగం ఏమిటని ఆయన్ని అడిగేవారు. పిల్లల్ని కాలేజీలో చేర్చాల్సి వస్తే ఆ మనుషులే సిఫార్సు కోసం ఆయన గుమ్మం తొక్కేవారు. ఆయన ఎక్కువ గెలిచిన కోచ్ కాదు. తలకి దెబ్బ తగిలినవాణ్ణి మైదానంలోకి పంపడు, అంతే. అందువల్ల ఓడిన ఆటలున్నాయి. వాటికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.

ఈ అక్టోబరులో ఆశిష్ అనే ఆటగాడు ప్రాక్టీసులో దెబ్బతిని, తనుండే హాస్టల్ ఏదో మరిచిపోయాడు. కాలేజీ డాక్టరు ఆడొద్దన్నాడు. కానీ శనివారం ఓ పెద్ద యూనివర్సిటీ వాళ్లు, నచ్చితే తమ జట్టులోకి తీసుకుందామని, అతని ఆట చూడటానికి వస్తున్నారు. తండ్రి రవికుమార్ గుండె డాక్టరు, స్టేడియానికి దీపాలు పెట్టించిన దాత. కొడుకు బాగానే ఉన్నాడని తనే సర్టిఫికెట్ రాసి, తనే సంతకం పెట్టి తెచ్చాడు.

"నేను డాక్టర్ని, రాజీవ్ గారూ. మావాడు ఫైన్."

"మీరు హార్ట్ చూస్తారు డాక్టర్ గారూ. వాడికి తగిలింది తలకి."

"బంతాట నేర్పుకునేవాడివి, నాకు మెడిసిన్ చెప్తావా?"

"వేరేవాళ్ల కొడుకైతే సైన్ చేస్తారా?"

రవికుమార్ కాలేజీ ప్రెసిడెంటుకి ఫోన్ చేశాడు. ఆడిస్తావా, పోతావా అని ప్రెసిడెంటు అడిగితే, ఆడించనన్నాడు రాజీవ్.

శనివారం ఆశిష్ ఆడాడు. రెండోసారి కిందపడ్డాక లేచి, నేరుగా వెళ్లి ప్రత్యర్థుల బెంచి మీద కూర్చున్నాడు. తన జట్టేదో అతనికి తెలియలేదు. స్టాండుల్లో కొందరు నవ్వారు. ప్రత్యర్థుల కోచ్ మార్కస్ నవ్వలేదు. అతను ఒకప్పుడు రాజీవ్ దగ్గర ఆడినవాడు. తలకి దెబ్బ తగిలిందని ఏడాదంతా కూర్చోబెట్టినందుకు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టినవాడు. ఆశిష్‌ని అంబులెన్సు ఎక్కించేదాకా తన జట్టుని మైదానంలోకి పంపనని మార్కస్ భీష్మించాడు.

మెదడు చుట్టూ రక్తం చేరిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాడనీ ఆస్పత్రిలో చెప్పారు. ఆశిష్ బతికాడు.

సోమవారం కాలేజీ మార్కస్ మీద లీగుకి ఫిర్యాదు చేసింది. ఆట ఆలస్యం చేశాడట.