ఆరో చెయ్యి

చిట్యాల దిక్కున ఒక మండలంలో లీలావతి అనే ఆమె కునుకు తీసినందుకు మూడు జిల్లాల్లో పాలన స్తంభించిపోయింది. జనగామలో ఫైళ్లు కదల్లేదు, మహబూబాబాద్ స్టేషన్లో రైళ్లు కదల్లేదు, భూపాలపల్లిలో బొగ్గు లారీలు కదల్లేదు. కలెక్టర్లు ముగ్గురూ చెప్పులు చేతబట్టుకొని వచ్చి, ఆమె మంచం చుట్టూ నిలబడి "లేవమ్మా తల్లీ" అని బతిమాలారు.

సరే, మూడు జిల్లాలు కావు, ఒక్క మండలం. మంచం కాదు, ప్లాస్టిక్ కుర్చీ. కలెక్టర్లు రాలేదు. ఎన్నిక జరిపించే అధికారి ఒక్కడే ఉన్నాడు, అతను కూడా బతిమాలలేదు, దగ్గాడంతే. కాని పాలన ఆగిన మాట నిజం. చాయ్ చల్లారేంత సేపైనా ఆగింది. మండలం పేరు మాత్రం అడగొద్దు. ఆ ఊళ్లలో అందరూ చుట్టాలే, చెబితే రేపు పెళ్లికి పిలవరు.

లీలావతికి యాభై ఐదేళ్లు దాటాయి. ఒక పత్తి చేను, రెండు బర్రెలు, ఒక భర్త. పొద్దున లేవగానే అరిచేవాళ్లలో బర్రెలది రెండో స్థానం. భర్త జగపతి చాలా ఏళ్లుగా రాజకీయాల్లో ఉన్నాడు. ఉన్నాడంటే, ఎవరు గెలిచినా వాళ్ల పక్కన ఫొటోలో ఉన్నాడు. ఈసారి తానే ఎంపీటీసీగా నిలబడి మండల పరిషత్తులో కూర్చుందామని ఖద్దరు బట్టలు కుట్టించుకున్నాడు. తీరా చూస్తే ఆ స్థానం ఆడవాళ్లకు రిజర్వు అయింది. ఆ కబురు విన్న రోజు జగపతి అన్నం ముట్టలేదు. మర్నాడు చాయ్ తాగుతూ మెల్లగా అన్నాడు.

"నువ్వు నిలబడుతున్నవ్."

"ఎక్కడ?" అంది లీలావతి. అప్పటికే ఆమె పేడ గంప చంకన పెట్టుకొని నిలబడే ఉంది.

పోస్టర్లలో జగపతి ముఖం నుదుటి నుంచి మీసం దాకా నిండుగా పడింది. అభ్యర్థి ఫొటో కింద మూలన, రేషన్ కార్డు మీద ఉన్నంత. ఒక సోమవారం ఓట్లు లెక్కపెట్టారు. గెలిచింది లీలావతి, దండలు పడింది జగపతి మెడలో. వచ్చిన జనానికి చాయ్ పెట్టే బాధ్యత మాత్రం గెలిచినామెదే.

ఆమెకున్న కోరిక ఒక్కటే, దానికీ రాజకీయాలకూ సంబంధం లేదు. సముద్రం చూడాలి. మునగడం, మొక్కడం, ఫొటోలు దిగడం కాదు. ఒడ్డున కూర్చోవాలి. ఎవరూ ఏమీ అడగని చోట ఒక్క పూట ఊరికే కూర్చోవాలి. టీవీలో చూసినప్పుడల్లా ఆమెకు ఒకటే అనిపించేది: అంత పెద్దది కదా, దానికి ఎవరూ ఏమీ వండిపెట్టనక్కర్లేదు, దాని పని అది చేసుకుంటోంది.

ప్రతి ఏడూ అనుకోవడం, ప్రతి ఏడూ పేపరు చదివి ఆగిపోవడం. ఎన్నికల నోటిఫికేషన్ వస్తుందట అని ఒకసారి, వచ్చింది అని ఒకసారి, వచ్చింది కాని ఆగింది అని ఇంకోసారి. వచ్చినా ప్రయాణం ఆగేది, రాకున్నా ఆగేది. నోటిఫికేషన్ లేని ఏడు పత్తి ఏరేది ఉండేది.

ఈసారి జనగామలో ఉద్యోగం చేసే కూతురు ప్రియదర్శిని ఎవర్నీ అడగకుండా టికెట్లు తీసింది. శుక్రవారం మహబూబాబాద్‌లో రైలెక్కితే బాపట్లలో దిగడమే. అల్లుడు విశాల్‌కు వచ్చే నెల భూపాలపల్లికి బదిలీ, ఆ తర్వాత సెలవు దొరకదు. మనవరాలు భావన ఇసుక తవ్వుకోవడానికి ఎర్ర బకెట్టు కూడా కొనుక్కుంది.

దండలు వాడకముందే, ఆ సోమవారం సాయంత్రమే, పురుషోత్తం ఇంటికి వచ్చాడు. అతను కూడా గెలిచిన సభ్యుడే. ఎంపీపీ కుర్చీ, అంటే మండలాధ్యక్షుడి కుర్చీ, అతనికి కావాలి. ఆ ఎన్నిక మళ్లీ సోమవారం. ఇటు ఆరుగురు, అటు ఐదుగురు. ఆరో చెయ్యి లీలావతిది.

"వదినె, నాలుగు జతల బట్టలు వెట్టుకో. క్యాంపుకు పోతున్నం."

"శుక్రారం నాకు రైలుంది తమ్మీ."

"రైలు ఎప్పుడన్న ఎక్కొచ్చు. ఎంపీపీ కుర్సీ మల్ల ఐదేండ్లకు గని రాదు."

"ఏ ఊరికి పోవుడు?"

"చెప్పద్దు. చెప్తే అవతలోళ్లు ఉరికొస్తరు."

గెలిచినవాళ్లు అవతలి పక్షానికి జారిపోకుండా ఎన్నిక దాకా దూరంగా దాచిపెట్టడమే క్యాంపు. గొర్రెల్ని మంద వేసినట్టే, కాకపోతే ఏసీ ఉంటుంది. లీలావతి గడపలోనే నిలబడింది. జగపతి దగ్గరికొచ్చి చెవిలో ఊదాడు.

"పిచ్చిదానా, సముద్రం కాడికేనే. సంబురపడు."

నిజంగానే సంబురపడింది. అదే ఆమె చేసిన తప్పు.

బస్సులో పక్క సీట్లో జమ్లీ కూర్చుంది. తండా నుంచి గెలిచిన సభ్యురాలు, పుట్టిల్లు గార్ల దగ్గర.

"మీ ఆయన రాలేదా?" అడిగింది లీలావతి.

"మేకల కాడ ఉండుమన్న. ఇద్దరం గెలిచినమా ఏంది?" అంది జమ్లీ.

లీలావతి మెడ చాచి ముందుకు చూసింది. జగపతి ముందు వరుసలో పురుషోత్తం పక్కన కూర్చొని మండలాన్ని ఎలా నడపాలో చెబుతున్నాడు. ఫోన్లన్నీ ఒక బియ్యం సంచిలో వేయించుకున్నారు.

సముద్రం ఉందన్న మాట అబద్ధం కాదు. రిసార్టు ప్రహరీకి అవతల ఉంది. కాన్వెంటు బడిలో అల్లరి పిల్లల్ని గోడకేసి నిలబెట్టినట్టు సభ్యులందర్నీ గోడకు ఇవతల పెట్టారు. గేటు దాటితే ఎవరైనా ఫొటో తీస్తారని, గుర్తుపడతారని, ఎత్తుకుపోతారని పురుషోత్తం భయం. పగలూ రాత్రీ హోరు వినబడేది. మొదటి పొద్దున లీలావతి అది పక్కన రైసు మిల్లేమో అనుకుంది.

"జర చూసొస్త తమ్మీ. గట్ల పోయి గిట్ల వస్త."

"వద్దు వదినె. సోమారం దాకా ఓపిక పట్టు. అవతలోళ్లు నిన్ను ఎత్తుకపోతే నా బతుకేం గావాలె?"

సరే, సముద్రం లేకపోతే నిద్రైనా పోదామనుకుంది. వంట లేదు, బర్రెలు లేవు, తెల్లటి దుప్పటి ఉంది. ఒక్క పూట పడుకుంది. బుధవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ మొదలైంది. పూటపూటా చేపలు, రొయ్యలు, ఏదో తీపి పులుసు. ఒక సభ్యుడు కంచం తోసేశాడు. ఇంకొకడు, ఈ తిండి ఇట్లే ఉంటే అవతలోళ్ల క్యాంపుకు పోత, వాళ్లకు మటన్ పెడుతున్నరట అన్నాడు. పురుషోత్తం ముఖం పాలిపోయింది. అప్పుడు జగపతి మీసం దువ్వి, మండలాన్ని కాపాడే మాట అన్నాడు.

"మా ఆమె పచ్చిపులుసు చేస్తది. చేయిపెడితే చాలు, అన్నం అదే పోతది లోపలికి."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఆ సాయంత్రం నుంచి లీలావతి రిసార్టు వంటింట్లోనే ఉంది. చింతపండు పిసకడం, ఎండుమిర్చి కాల్చడం, ఉల్లిగడ్డలు నలపడం. పచ్చిపులుసు తర్వాత సర్వపిండి, ఆ తర్వాత మక్క గట్క. తిన్నవాళ్లు కదలకుండా కూర్చున్నారు, పక్షం నిలబడింది. అక్కడి వంటవాడు ఆమె "గిది ఏడ వెట్టాలె?" అన్న మాటను పక్కవాడికి యాస చేసి చెప్పి నవ్వాడు. ఉల్లిగడ్డలు కోస్తున్న జమ్లీ తన ఇంటి భాషలో వాడికేదో చెప్పింది, చాలాసేపు. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు గాని మళ్లీ నవ్వలేదు.

"ఏమన్నవే?" అడిగింది లీలావతి.

"మంచిదే అన్న. వాళ్లమ్మకు దండం చెప్పుమన్న."

హాల్లో టీవీ ఆగకుండా నడిచేది. గురువారం వాళ్ల గురించే వచ్చింది. ఆ మండలం సభ్యులు గోవాలో జల్సాలు చేస్తున్నారని చెబుతూ ఎవరిదో ఈత కొలను చూపించారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఆ కొలను ఎంత లోతుందో కూడా చెప్పారు. జగపతి టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకున్నాడు.

"చూసినవానె, మనం టీవీలకెక్కినం."

లీలావతి మసి చేతులతో తలుపు దగ్గర నిలబడి ఆ నీలం నీళ్లను చూసింది. "గా జల్సా ఏ రూముల నడుస్తుందో అడుగు. నేను గూడ పోత" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

శుక్రవారం కూతురితో ఒక్క నిమిషం మాట్లాడనిచ్చారు, పురుషోత్తం ఎదురుగా కూర్చోగా.

"అమ్మా, రైలు వస్తుంది. మేం పోతున్నం. నువ్వెక్కడున్నవ్?"

"చెప్పద్దన్నరు బిడ్డా."

"బాగున్నవా? ఏం చేస్తున్నవ్?"

"పచ్చిపులుసు."

అవతల రైలు కూత వినబడింది. తర్వాత ప్రియదర్శిని అంది, "భావన నీ కోసం సముద్రం నీళ్లు సీసాల పట్టుకొస్తదట. ఏడుస్తుంది, అమ్మమ్మ లేకపాయె అని."

లీలావతి ఫోన్ ఇచ్చేసింది. ఆ పూట పులుసులో ఉప్పు మరిచిపోయింది. ఎవరూ గుర్తుపట్టలేదు. అదే ఆమెకు ఎక్కువ అలుపు తెచ్చింది.

ఆదివారం పొద్దు వాలకముందే అందర్నీ బస్సెక్కించారు. కిటికీలకు తెరలు వేశారు. సముద్రం హోరు కొంతదూరం వెంట వచ్చి ఆగిపోయింది.

"రేపు చెయ్యి ఎత్తితే అయిపాయె అక్కా. ఇంటికి పోయి పండుకోవచ్చు" అంది జమ్లీ.

"చెయ్యి లేస్తదా అని సూస్తున్న" అంది లీలావతి, భుజం నొక్కుకుంటూ.

సోమవారం పొద్దున నేరుగా మండలాఫీసు ముందు దింపారు. గేటు దగ్గర ప్రియదర్శిని, భావన ఎదురుచూస్తున్నారు. పిల్ల పరుగెత్తుకొచ్చి ఒక నీళ్ల సీసా చేతిలో పెట్టింది. అడుగున చిటికెడు ఇసుక.

"అమ్మమ్మా, గిది సముద్రం. తాగద్దు, ఉప్పగుంటది."

లోపలికి పోతుంటే కానిస్టేబుల్ ఆపాడు. "ఏందమ్మా ఇది?"

"సముద్రం."

అతను మూత తీసి వాసన చూశాడు. ముక్కు ముడిచి తిరిగిచ్చాడు.

భర్తలు లోపలికి రాకూడదని నియమం. జగపతి గుమ్మం దాకా వచ్చి, చెయ్యి ఎలా ఎత్తాలో ఎత్తి చూపిస్తుండగా తలుపు మూశారు. లోపల పైన పంకా తిరుగుతోంది. కుర్చీ మెత్తగా లేదు గాని ఖాళీగా ఉంది. చాయ్ ఏదీ, టవల్ ఏదీ, ఉప్పు ఏదీ అనేవాళ్లు లేరు. వారం మొత్తంలో ఎవరూ ఏమీ అడగని చోటు లీలావతికి ఇదే. సీసా ఒళ్లో పెట్టుకొని వెనక్కి వాలింది.

"పురుషోత్తం గారిని బలపరిచేవారు చేతులెత్తండి" అన్నాడు అధికారి.

ఐదు చేతులు లేచాయి. అవతలి ఐదుగురూ మెడలు చాచారు. చెరి ఐదు అయితే చీటీ తీస్తారు, చీటీ ఎవరి మాటా వినదు. లీలావతి కళ్లు మూసుకొని ఉంది. అధికారి దగ్గాడు.

"వదినె" అన్నాడు పురుషోత్తం పళ్ల మధ్య నుంచి. "వదినె, చెయ్యి!"

కదల్లేదు. అతను ఎత్తిన చెయ్యి దించకుండానే, ఆమెను లేపమని జమ్లీకి కనుసైగ చేశాడు.

"పండుకున్నోళ్లను లేపితే పాపం తగులుతదన్నా" అంది జమ్లీ. ఆమె చెయ్యి కూడా పైనే ఉంది, పక్కలకు చూడకుండా.

బయట కిటికీ చువ్వలు పట్టుకొని జగపతి, "ఏమే! ఓ ఏమే!" అంటున్నాడు. పంకా చప్పుడులో అది దూరంగా, రైసు మిల్లులాగా వినబడింది. పురుషోత్తం ఆమె కుర్చీ మీదికి వంగాడు.

"నీ కాళ్లు మొక్కుత. ఏం గావాలె చెప్పు."

లీలావతి కళ్లు తెరవలేదు. సీసా మాత్రం కొంచెం పైకి పట్టింది. "గిందుల కొన్నే ఉన్నయ్ తమ్మీ. మిగిలినయి సూడాలె."

"ఇప్పుడు ఏడికెళ్లి తేవాలె?"

"తెచ్చుడెందుకు? మనం పోయొచ్చినం గద. బస్సు బయటనే ఉంది."

"సరే."

"మా ఆయన రావద్దు."

"సరే వదినె."

"జమ్లీ వస్తది. వండెటోళ్లు వేరే ఉండాలె."

"సరే సరే. జర చెయ్యి..."

అధికారి రెండోసారి దగ్గేసరికి చెయ్యి లేచింది. పూర్తిగా కూడా కాదు, భుజం దాకా. అంతకన్నా లేవనని ఆ చెయ్యే చెప్పింది. అధికారి లెక్కవేసుకున్నాడు. పాలన మళ్లీ నడిచింది.

ఆ బుధవారమే అంత పెద్ద బస్సులో ఇద్దరే ఆడవాళ్లు కూర్చొని సముద్రానికి వెళ్లారని మండలమంతా చెప్పుకుంటుంది. కొందరు బస్సు ముందు పోలీసు జీపు కూడా వెళ్లిందంటారు, అది మాత్రం నమ్మక్కర్లేదు. లీలావతి పాదాలు తడిసేదాకా నీళ్లలోకి వెళ్లింది. కాసేపు చూసింది. "బాగనే ఉంది" అంది. తర్వాత ఒడ్డుకొచ్చి, కొంగు తల కింద పెట్టుకొని పడుకుంటే పొద్దు వాలిందాకా లేవలేదు. పల్లీలమ్మేవాడు అరుస్తూ వస్తే జమ్లీ పెదాల మీద వేలు పెట్టి తరిమింది. ఇంటి దగ్గర జగపతి ఆ రోజు బర్రెల పాలు పిండబోయి తన్ను తిన్నాడు. ఏ బర్రె అన్నది తేలలేదు.

పత్తి ఏరడానికి పోతున్నవాళ్లు దారిలో ఈ కథే చెప్పుకుంటుంటే, అరుగు మీద జమ్లీతో కలిసి కందికాయ ఒలుస్తున్న లీలావతి తలెత్తి వింది.

"ఎవడన్నడు? నేను నిద్రపోలే. చెయ్యి అందరికన్న ముందు ఎత్తిన. క్యాంపు లేదు, బస్సు లేదు. సముద్రం నేను చూడలే, చూడాలని ఎన్నడు అనుకోలే. ఈ జమ్లీ ఎవరో నాకు తెల్వనే తెల్వదు."

"అవు, నేను గూడ ఈమెను ఎరుగ" అంది జమ్లీ, ఒలిచిన గింజలు ఆమె చాటలో వేస్తూ.

"అంత అబద్ధం" అంది లీలావతి. "అసలు మా ఇంట్ల పచ్చిపులుసే చెయ్యం."